తొప్పి వైపు

బళేపేటలో మెట్ల కింద నా అంగడి.
నిలబడితే తల తగులుతుంది,
అందుకే ముప్పై ఒక్క ఏళ్ళుగా కూచునే ఉన్నా.
పనస కట్టెకు రెండు పాదాలూ తన్నిపెట్టి
ఎనుము తోలు వారు లాగుతుంటే
మృదంగం శ్రుతిలోకి వచ్చేది,
నేను వంగిపోయేవాణ్ణి.

మెడ మొదట్లో ఒక బిగువు.
తెల్లారుజామున తల వెనక
ఎవరో గట్టు మీద రాయితో కొడుతున్నట్టు.
మార్తమ్మ దిష్టి అంది.
కోలారు నుంచి వచ్చిన బావమరిది గ్యాసన్నాడు.
నేనేమీ అనలేదు. రామనవమి కచేరీల కాలం,
పద్నాలుగు వాయిద్యాలు వరసలో ఉన్నాయి.

బాకీ తీర్చలేని శిష్యురాలొకతి, వైదేహి,
"డబ్బుకు బదులు మా వెన్ను డాక్టరుకు చూపిస్తా రండి" అని
జయనగర్ తీసుకెళ్ళింది.
గోడకు వేలాడుతూ ప్లాస్టిక్ వెన్నెముక,
పూసకీ పూసకీ మధ్య సందు.
చూడగానే నా చేతులు వారు కోసం వెతికాయి.

డాక్టరు కావేరప్ప. కొడగు మనిషి, నా కొడుకు వయసు.
ఎముకల్ని టకటకలాడిస్తాడని విని
మెడ చాపాను.
ముట్టలేదు.
చేతికి పట్టీ చుట్టి రబ్బరు బుడ్డ పిసికాడు.
బిగిసింది, ఇంకా బిగిసింది,
ఇక చాలు, తోలు చిట్లుతుందని
నా వేళ్ళకు తెలిసే చోటు దాకా.
నూట డెబ్బై ఎనిమిది, కింద నూట నాలుగు.
"ఈ మెడ మీద ఇవాళ చెయ్యి వెయ్యను,
ముందు విక్టోరియా ఆస్పత్రికి పోండి."

కోపం రాలేదు. అది మా ఇంటి మాటే.
ఎండిన తోలును మొదటి రోజే లాగితే
మా నాయన కట్టెతో మోకాలి మీద ఒకటిచ్చేవాడు.
నానబెట్టు. ఆగు. ఆ తర్వాతే వారు.

మాత్ర వచ్చింది, రోజుకొకటి.
ఉప్పు పోయింది.
పోయినాకే తెలిసింది మా ఇంట్లో ఉప్పే మాట్లాడేదని.
మార్తమ్మకు కోపమొస్తే పులుసులో ఓ చారెడు ఎక్కువ పడేది.
ఇప్పుడు నోటితోనే తిడుతోంది,
అదీ ఇద్దరికీ ఒంటికి మంచిదేనేమో.
తొప్పికి అద్దే రవ్వ ముద్దకూ
నా పొద్దుటి ఉప్మాకూ
ఇక తేడా లేదు.
లాల్‌బాగ్ రాతిగుట్ట దాకా నడిచి
అక్కడ కూచుని ఊపిరి లెక్కపెడతా.
ఆదితాళంలో పీల్చి, రెండు ఆవర్తాలు వదలడం.
కుక్క ఒకటి పక్కనే కూచుని
నాకంటే బాగా చేస్తుంది.

రెండో నెల చివర నూట నలభై రెండు.
అప్పుడు పడుకోబెట్టాడు బల్ల మీద, బోర్లా.
భుజాల మధ్య వేళ్ళతో వెతికాడు,
గట్టు చుట్టూ ఒక్కో కన్నూ తట్టి
ఏది మొండిగా పలుకుతుందో నేను వినే తీరునే.
టక్.
ఏళ్ళుగా ఆగే చోటు దాటి
ఊపిరి లోపలికి పోయింది.
"బీపీకి ఇదేనా మందు?" అడిగాను.
"కాదు, నొప్పికి. నొప్పి తగ్గితే నడుస్తారు,
నడిస్తే అది కొంచెం దిగొచ్చు.
మాత్ర మానేస్తే మాత్రం నా దగ్గరికి రాకండి."
తన పని గురించి ఇంత తక్కువ చెప్పుకునేవాణ్ణి
బళేపేట మొత్తంలో చూడలేదు.

ఇప్పుడు ఎత్తు పీట మీద కూచుంటున్నా.
మెట్ల కింద పట్టక వీధిలోకి వేశా.
పోలీసాయన వచ్చి ఇదేమిటన్నాడు.
"గుండె" అన్నా.
కాసేపు చూసి, తన మెడ తడుముకుని,
ఆ డాక్టరు ఎంత తీసుకుంటాడని అడిగాడు.

రాత్రి ఎడమ చెవి దిండుకు ఆనిస్తే
లోపల ఎవరో వాయిస్తుంటారు.
గురువు లేడు, తాళం పర్లేదు.
నిన్న ఒక దెబ్బ జారింది.
చీకట్లో చెయ్యెత్తి ఆగాను, రాయి పట్టుకున్నట్టే.
తర్వాతది వచ్చింది.
లేచి మాత్రల అట్ట తీసి,
మార్తమ్మ పెన్నుతో గురువారమని రాసిన గుంట
ఖాళీయేనా అని
వేలితో తడిమి చూసుకున్నా.